తెలియని పెట్టె: జపాను భోజనమును గూర్చి యొక పాఠము

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రము, బోధన తెలిసినదానినుండి తెలియనిదానికి సాగవలెననునది. ఇరువది యేండ్లుగా మేమా సూత్రమునే పట్టుకొని పాఠములు చెప్పుచున్నాము. మామిడికాయను కోసి చూపి గాని టెంక గల ఫలములను గూర్చి చెప్పలేదు. చెరువుగట్టునకు తీసికొనిపోయి గాని తామరతూడును గూర్చి చెప్పలేదు. అట్టి మాకు 2024 మే నెలలో, వేసవి సెలవులలో, టోకియో నగరమున నొక పెట్టె చేతికి వచ్చినది. దానిలో నేమున్నదో కొన్నవానికి తెలియదు, అమ్మినవాడు చెప్పడు. మూత తీసిన పిమ్మటనే పాఠము మొదలు. తలక్రిందులుగా వచ్చిన యా పాఠమును మా విద్యార్థులకు చెప్పవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మా తమ్ముడు కంప్యూటరు ఉద్యోగము చేయుచు ఆరేండ్లనుండి టోకియోలోని ఎదొగావా వార్డులో నిషి కసాయి అను పేటలో నివసించుచున్నాడు. 2000 సంవత్సర ప్రాంతమునుండి మన దేశపు కంప్యూటరు ఇంజనీర్లు అనేకులు కాపురములు పెట్టిన పేట యది. అచ్చట కందిపప్పును, చింతపండును, సోనా మసూరి బియ్యమును అమ్ము అంగళ్లు కలవు. అందుచే వాడు ఇంటి తిండికి మొగము వాచి యుండడని అమ్మయు మేమును ధైర్యముగా నుంటిమి. ప్రతి ఆదివారమును టెలిఫోనులో "పప్పు వండుకొంటిని, చారు పెట్టుకొంటిని" అని చెప్పుచునే యుండెను. మేము బయలుదేరునపుడు అమ్మ క్రొత్తావకాయను సీసాకు నించి, మూతకు గుడ్డ కట్టి మాకిచ్చెను. దానిని పెట్టుటకు తమ్ముని వంటయింటి అలమార తెరచితిమి గదా, నిరుటి యావకాయ సీసా కట్టిన గుడ్డ కట్టినట్లే యున్నది! ప్రక్కను అయిదు కిలోల సోనా మసూరి సంచి. దాని కుట్టు విప్పలేదు. పొయ్యి యద్దమువలె మెరయుచుండెను. వంట జరుగు నింట పొయ్యి అట్లు మెరయదని వంటయింటి సంగతి కొంచెమైన నెరిగినవారికి చెప్ప నక్కరలేదు.

మేమేమియు ననలేదు. వాడే మా మొగము చూచి, "అన్నయ్యా, నేను ఇల్లు చేరుసరికి రాత్రి యెనిమిదిన్నర యగును. అప్పుడు పప్పెవడు వండును? పద, నేను దినమును తినునదే నీకును తినిపించెదను" అనెను.

వాడు తీసికొనిపోయిన చోటు ఇజకాయ. ఆ మాటలో 'ఇ' అనగా ఉండుట, కూర్చుండుట. 'సకె' అనగా మద్యము. 'య' అనగా అంగడి. టోకియోకు ఎదొ అని పేరున్న కాలమున మద్యమును కొలిచి యమ్ము దుకాణములలో కొన్నవారు అచ్చటనే కూర్చుండి త్రాగుట యలవాటై, త్రాగువారికి నంజుకొనుటకు వంటకములు చేర్చగా ఇట్టి శాలలు పుట్టినవి. నేడు ఇవి జపానున ప్రతి వీథిని గలవు. వాకిట ఎర్రని కాగితపు దీపము వ్రేలాడుచుండును. ద్వారమునకు సగము తెర కట్టి యుండును. పగలెల్ల పనిచేసినవారు సాయంకాలము తోటివారితో గూడి, చిన్న చిన్న గిన్నెలలో వంటకములు తెప్పించి పంచుకొని తినుచు, త్రాగుచు, మాటలాడుకొనుచు నుందురు. మన యూరి కల్లుపాకతో దానిని పోల్చుట న్యాయము కాదు. అయినను ఎంత సభ్యముగా నున్నను అది మద్యమమ్ము చోటే గదా.

మేము పదునొకండేండ్లుగా మా పాఠశాలలోని మద్యపాన నిరోధక సంఘమునకు కార్యదర్శిగా నున్నవారము. ఎందరో విద్యార్థులచేత ప్రమాణపత్రముల మీద సంతకములు చేయించినవారము. ఆ యెర్రదీపము క్రింద మా కాళ్లు ఆగిపోయినవి. "నేను లోనికి రాను" అంటిమి. తమ్ముడు నవ్వి, "నీవు రానక్కరలేదు. నేనును త్రాగుటకు పోవుటలేదు, అన్నమునకు పోవుచున్నాను" అని తెర తొలగించుకొని లోనికి పోయెను. మేము వీథిలో నిలిచి తలుపునకు అంటించిన కాగితమును చూచుచుంటిమి. అంకెలు మాత్రము మాకు తెలిసినవి: 700 యెన్‌లు. మిగిలినది తరువాత తమ్ముడు చదివి చెప్పెను: 'ఒమకసె బెంతో'. బెంతో యనగా పెట్టెలో సర్దిన భోజనము. ఒమకసె యనగా 'మీకే అప్పగించితిమి' అని యర్థము. అనగా ఏమి వండవలెనో, ఏమి పెట్టవలెనో వంటవాని యిష్టము; కొనువాడు నోరు మెదపరాదు.

అంతలో ఆ యంగడివాడే తలకు తువాలు చుట్టుకొని, ముందు వస్త్రము కట్టుకొని బయటకు వచ్చెను. మాకు వంగి నమస్కరించి యేదో యడిగెను. అందులో 'అలెరుగీ' యను నొక్క మాట మాకు తెలిసినట్లుండెను. తమ్ముడు వెనుకనుండి, "నీకు పడని పదార్థమేదైన నున్నదా యని యడుగుచున్నాడు. ఈ పెట్టె విషయమున ఆయన యడుగు ప్రశ్న ఇదొక్కటియే" అని చెప్పెను. లేదని మేము తల యూపితిమి. ఆయన మరల నమస్కరించి లోనికి పోయెను. తన యంగడి గడప త్రొక్కనొల్లని మనుష్యుని చూచి యేమనుకొనెనో తెలియదు. మొగమున మాత్రము ఏ మార్పును కానరాలేదు. ఆ మర్యాదకు మేమే కొంత సిగ్గుపడితిమి.

రాత్రిపూట త్రాగువారికై పుట్టిన శాల ఇంటికి భోజనము కట్టి యిచ్చు అంగడి యగుటకు 2020 సంవత్సరపు కరోనా వ్యాధి యొక ముఖ్యకారణము. ఆ యేట ఏప్రిల్ 7వ తేదీన టోకియో, ఒసాకా మొదలగు ఏడు ప్రాంతములలో అత్యవసర స్థితి ప్రకటింపబడెను. 16వ తేదీన దేశమంతటికి విస్తరింపబడి, మే 25వ తేదీకి పూర్తిగా తొలగింపబడెను. ఆ దినములలో భోజనశాలలు రాత్రి 8 గంటలకు మూయవలెనని, మద్యము పోయుట 7 గంటలకే ఆపవలెనని టోకియో ప్రభుత్వము కోరెను. ఇజకాయకు ఎనిమిదింటికి దీపమార్పుట యనగా మన సంతను తెల్లవారుజామున ఎత్తివేయుట వంటిది. అందుచే అనేకులు వాకిట బల్లలు వేసి పెట్టెలలో భోజనము లమ్మసాగిరి. వ్యాధి తగ్గిన పిమ్మటను ఆ యలవాటు కొన్ని చోట్ల నిలిచినది.

సరే, భోజనము కట్టి యిచ్చుట తెలిసినది. లోపల నేమున్నదో చెప్పకుండుటేల? ఇజకాయలో ఇంత చేప, ఇన్ని కూరలు, ఇంత మాంసము అమ్ముడుపోవునని ప్రొద్దున నెవరును లెక్క కట్టలేరు. మిగిలిన సరకు మరునాటికి పనికిరాదు. వంటవానికే స్వేచ్ఛ యిచ్చినచో నేడు చేప మిగిలిన చేప, దుంప మిగిలిన దుంప పెట్టును. వ్యర్థము తగ్గును, వెల కూడ తగ్గును. ఈ వ్యర్థము జపానువారికి పెద్ద చింత. 2022వ ఆర్థిక సంవత్సరమున ఆ దేశమున తినదగి యుండియు పారవేయబడిన యాహారము 47 లక్షల 20 వేల టన్నులు. అందు సరిగా సగము వ్యాపారశాలలనుండి, సగము ఇండ్లనుండి. మనిషి యొక్కనికి దినమునకు 103 గ్రాములు, ఇంచుమించుగ నొక చిన్న గిన్నెడన్నము. తమకు కావలసిన శక్తిలో నూటికి 38 వంతులు మాత్రమే స్వదేశమున పండించుకొని తక్కినది ఇతర దేశములనుండి తెప్పించుకొను ప్రజలకు ఇది చిన్న నష్టమా? ఆహారనష్టమును తగ్గించుటకై వారు 2019 మే నెలలో నొక చట్టము చేసిరి. అది ఆ యేట అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను.

చిత్రమేమనగా, ఆ దినముననే మరియొక మార్పు కూడ జరిగినది. అమ్మకపు పన్ను నూటికి 8 నుండి 10కి పెరిగినది. కాని ఇంటికి తీసికొనిపోవు ఆహారమునకు 8 గానే నిలిపిరి. మద్యమునకు ఆ తగ్గింపు లేదు. కావున మా 700 యెన్‌ల పెట్టెను ఇంటికి తెచ్చుకొన్నచో 756 యెన్‌లు, అచ్చటనే కూర్చుండి తిన్నచో 770 యెన్‌లు. గడప త్రొక్కనందుకు మాకు 14 యెన్‌లు లాభము వచ్చినదని తమ్ముడు పరిహాసమాడెను.

అడుగకుండ వచ్చు భోజనము జపానున క్రొత్తది కాదని కూడ వాడు చెప్పెను. ఇజకాయలో కూర్చున్న వెంటనే, ఏమియు కోరకమునుపే, ఒక చిన్నగిన్నెలో నేదో వంటకము తెచ్చి పెట్టుదురట. దానిని ఒతోషి యందురు. దాని వెల లెక్కలో చేరును. అడుగనిదానికి వెల యేమని క్రొత్తవారు తగవు పెట్టుకొనుటయు కలదట. సంవత్సరాదికి దుకాణములు వస్తువులను సంచులలో మూటగట్టి, లోన నేమున్నదో చెప్పక తక్కువ వెలకు అమ్ముదురు. వానికి 'అదృష్టపు సంచులు' అను నర్థము వచ్చు పేరు కలదు. మిగిలినదానిలోనే భాగ్యమున్నదని వారి సామెత.

ఇంటికి వచ్చి, ప్రార్థన చేసి, మూత తీసితిమి.

మొదట కన్నులకు ఆశ్చర్యము కలిగినది. అరచేతి మందమైన పెట్టెలో ఒక్కొక్క పదార్థము తన గదిలో తానున్నది; ఒకదాని రసము మరియొకదానిని తాకలేదు. నడుమ నడుమ పచ్చని ఆకు ముక్కలు నిలబెట్టి యుండెను. ముట్టి చూడగా అవి ప్లాస్టిక్కు. మునుపు నిజమైన ఆకులనే యుంచెడివారట. ఇప్పుడు ఆకు పోయి ఆకారము మిగిలినది. ఒక ప్రక్క తెల్లని యన్నము, దాని నడుమ ఉప్పులో ఊరిన యెర్రని ఉమె పండు. మరియొక ప్రక్క కాల్చిన చేపముక్క. అది సబ, మన కానాగంతల కుటుంబములోనిదే. వేయించిన కోడిమాంసపు తునకలు రెండు, చుట్టలుగా చుట్టిన తియ్యని గ్రుడ్డట్టు, మెత్తగా నలిపిన బంగాళాదుంప, గొబొ యను వేరును సన్నగా తరిగి వేయించిన కూర, పసుపుపచ్చని ముల్లంగి ఊరుగాయ ముక్కలు రెండు. మూలను మాత్రము బూడిదవన్నె గలిగి, నల్లని చుక్కలతో, కదిపిన వణకు ముక్కలు నాలుగు. అవి జంతువో, చెట్టో, సముద్రపు వస్తువో మాకు తెలియలేదు. వానిని చివరకు ఉంచుకొంటిమి.

అన్నము చల్లగా నుండెను, అయినను మెత్తగా నుండెను. ఇచ్చట మా విద్యార్థులు కొంచెము నిలువవలెను. మన యింట మధ్యాహ్నము వండిన సోనా మసూరి యన్నము రాత్రికి పలుకుబారి బిరుసెక్కును. ఏలయన, బియ్యపు పిండిపదార్థములో అమైలోసు, అమైలోపెక్టిను అని రెండు భాగములు కలవు. అమైలోసు పొడుగుపాటి గొలుసు. ఉడికినపుడు విడిపోయి, చల్లారినపుడు మరల ఒకదానితో నొకటి పేనుకొని గట్టిపడును. అమైలోపెక్టిను కొమ్మలు గల గొలుసు. అంత సులభముగా బిగిసికొనదు. మన పొడుగు బియ్యములలో అమైలోసు హెచ్చు. జపాను పొట్టి బియ్యములో తక్కువ. అందుచే వారి యన్నము జిగురుగా నుండును, చల్లారినను పెళుసెక్కదు. పెట్టెలో అన్నము తీసికొనిపోవు నాచారము వారిలో అంతగా వృద్ధి పొందుటకు ఈ గుణము తోడ్పడినదని మా యభిప్రాయము. మరి మనవారు ఊరకున్నారా? చల్లారిన యన్నమును రాత్రి నీటిలోనో మజ్జిగలోనో వేసి చద్దన్నము చేసిరి. వారు చల్లని యన్నమునకు తగిన బియ్యమును ఎంచుకొనిరి. మనవారు మన బియ్యమునకు తగిన ఉపాయమును కనుగొనిరి.

వేడి యన్నమును వెంటనే మూయరాదనుట కూడ బెంతో చేయువారికి ముఖ్యనియమము. మూసినచో ఆవిరి మూతకు పట్టి, నీరై క్రిందికి కారి, ఆ తడి వేడిలో సూక్ష్మజీవులు పెరుగును. అందుచే చల్లార్చియే మూయుదురు. మేము నెలలో నాలుగు మారులైన మధ్యాహ్న భోజనపు వేళ విద్యార్థుల డబ్బాల మూతలు తీయునపుడు పులిసిన వాసన వచ్చుట చూచియున్నాము. తల్లులు దీనిని గమనింతురు గాక. ఉమె పండులోని యుప్పును పులుపును కూడ అన్నము చెడకుండుటకు కొంత సాయపడును. ఆ పులుపునకు పూర్వపు అల్యూమినియపు డబ్బాల మూతలకు చిల్లులు పడెడివట. చింతకాయ పచ్చడిని అల్యూమినియపు గిన్నెలో ఉంచరాదని మన పెద్దలు చెప్పుట ఇందుకే.

వేయించిన కోడిమాంసపు తునక నొకటి తింటిమి. చాల రుచిగా నుండెను. "దీనిని దేనిలో నానబెట్టిరి?" అని యడుగగా తమ్ముడు కొంచెము తడబడి, "అల్లము, సోయా రసము... కొంచెము సకె" అనెను. మేము నిలిచిపోతిమి. వండునపుడు సారము ఆవిరై పోవునని లోకులందురు. కాని కొంత మిగులుననియే శాస్త్రము చెప్పును, ఆ శాస్త్రమును బోధించువారము మేమే. మా సంఘపు పత్రమున 'త్రాగను' అని యున్నది గాని 'తినను' అని లేదు గదా యని మనస్సులో నొక వాదము పుట్టెను. ఆ వాదమునే విద్యార్థి యొకడు మా యెదుట తెచ్చినచో మేమేమని యుందుమో మాకు బాగుగా తెలియును. అలెర్జీ కలదా యని యడిగినప్పుడే ఇది చెప్పవలసినది. చెప్పకపోవుట మా తప్పు, వంటవానిది కాదు.

రెండవ తునకను కడ్డీలతో నెత్తి తమ్మునికి చాచితిమి. వాడు తన కడ్డీలతో అందుకొనబోయి, ఉలికిపడి చేయి వెనుకకు తీసి, "అన్నయ్యా, అట్లు కాదు! నా మూతలో పెట్టు" అనెను. కడ్డీలనుండి కడ్డీలకు ఆహారమును అందించుట జపానులో మహాదోషము. శవదహనమైన పిమ్మట బంధువులు అస్థులను ఆ విధముగా కడ్డీలనుండి కడ్డీలకు అందించి పాత్రలో నుంచుదురు. అన్నములో కడ్డీలను నిలువుగా గ్రుచ్చుటయు నట్లే కూడదు. మృతులకు పెట్టు నన్నమునకే అది చెల్లును. ఆరేండ్లలో ఈ దేశపు మర్యాద మా తమ్ముని చేతులలోనికి ఇంకిపోయినదని, ఆ చేయి వెనుకకు పోయిన తీరు చూచి తెలిసికొంటిమి. మేమా ముక్కను మూతలో పెట్టితిమి, వాడు తినెను.

ఇక ఆ వణకు ముక్కలు. నోట వేసికొనగా రబ్బరువలె నుండెను. తనకంటూ రుచి లేదు, పులుసు రుచినే పట్టుకొన్నది. తమ్ముడు దాని పేరు కొన్యాకు అని చెప్పెను. ఆరేండ్లుగా తినుచున్నను అదేమిటో వానికి తెలియదు. చేతి ఫోనులో వెదకగా శాస్త్రనామము కనబడినది: అమార్ఫోఫాలస్ కొంజాక్. మేము కుర్చీనుండి లేచితిమి. అమార్ఫోఫాలస్ అనగా మన కంద! జాతి వేరు గాని ప్రజాతి యొక్కటియే. మన పెరటి కందకు ఇది సాక్షాత్తు దాయాది. ఆ దుంప యెక్కువగా గున్మా ప్రాంతమున పండును. దానిని ఎండబెట్టి, పొడి చేసి, నీట కలిపి, సున్నము చేర్చి ఉడికించినచో బిగిసి ఈ రూపము తాల్చును. నూటికి 97 వంతులవరకు నీరే. నల్లని చుక్కలు సముద్రపు నాచుపొడి. పచ్చి దుంప నోట పెట్టినచో మన కందవలెనే దురద పెట్టును; రెంటిలోను సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికములు కలవు. దానికి మన అమ్మలు చింతపండు వేసి ఉడికింతురు, వారు సున్నము వేసి ఉడికింతురు. పెట్టె యంతటిలోను మాకు తెలియని వస్తువు అదొక్కటియే యనుకొంటిమి. అదియే మా పెరటిలోనిదానికి దగ్గరి చుట్టమైనది.

ఆ సంతోషములో నుండగా అమ్మ ఫోను వచ్చెను. మాకు రాత్రి తొమ్మిదిన్నర, ఇంటివద్ద సాయంకాలము ఆరు. "ఏమి తింటిరి నాయనా? ఏమి కూర?" అని యడిగెను. తమ్ముడు మా వంక చూచి, "కంద, అమ్మా" అనెను.

"కందయే! బచ్చలి దొరికినదా?"

"బచ్చలి దొరకలేదమ్మా."

"బచ్చలి లేని కంద యేమి కూర! ఆవపిండియైన పెట్టితివా?"

దానికి వాడు ఉత్తరము చెప్పలేకపోయెను. మేము ఫోను తీసికొని, ప్రయాణపు సంగతులు చెప్పి మాట మరల్చితిమి. ఉపాధ్యాయుడై యుండియు సరిదిద్దలేదు. అమ్మ ఈ సంచికను ప్రతియేడును మొదటి పుటనుండి చివరి పుటవరకు చదువును. తమ్ముని యనుమతితోనే ఇదంతయు వ్రాసితిమి.

ఫోను పెట్టిన పిమ్మట తమ్ముడు లేచి, అలమార తెరచి, నిరుటి యావకాయ సీసాకు కట్టిన గుడ్డ విప్పెను. నూనె ఇంకను పైకి తేలియే యున్నది. జపాను అన్నము జిగురుగా నుండుటచే ఆవకాయ దానిలో చక్కగా కలియలేదు. ముద్దకు పైపైన నంటుకొని, లోపల తెల్లగానే మిగిలినది. ఇద్దరమును ఆ పెట్టెలలోని కడపటి మెతుకువరకు తింటిమి. మరునాడు ఉదయము వాడు పనికి పోవకమునుపే సోనా మసూరి సంచి కుట్టు విప్పితిమి.